తెలుసు, ఎరుగుదును, వచ్చు
(ఒక ఇంగ్లీషు మాటకు నార్వేలో మూడు మాటలు)

మన హాస్టల్లో ఎవరి ఇంగ్లీషు నోటు పుస్తకం తెరిచినా చివరి పేజీల్లో ఒక నిలువు గీత కనిపిస్తుంది. గీతకు ఎడమ పక్క ఇంగ్లీషు మాట, కుడి పక్క తెలుగు అర్థం. మేమూ అలాగే రాసుకున్నాం, మా అన్నలూ అలాగే రాసుకున్నారు. ఒక మాటకు ఒక అర్థం. రాత్రి స్టడీ అవర్‌లో కళ్ళు మూసుకుని అప్పజెప్పుకోవడం, పొద్దున్నే సగం మరిచిపోవడం.

ఆ జాబితాల్లో మొదటి పేజీలోనే ఉండే మాట 'నో'. తమ్ముళ్ళూ, ఇది 'కాదు' అని చెప్పే నో కాదు. కె అక్షరంతో మొదలై, ఆ కె మాత్రం నోరు మెదపకుండా కూర్చునే నో. దానికి ఎదురుగా మనం రాసుకునే అర్థం 'తెలుసు'. ఇంత చిన్న మాట గురించి పత్రికలో వ్యాసం ఏమిటని మీరు అనుకోవచ్చు. మేమూ అలాగే అనుకున్నాం, ఒక పాత నిఘంటువు చేతికి వచ్చేవరకు.

మన హాస్టల్లో చదివి వెళ్ళిన ఒక అన్న పాత పుస్తకాల బండి మీద కొన్న పుస్తకాలు కొన్ని మన లైబ్రరీ బీరువాకు ఇచ్చారు. వాటిలో అట్ట ఊడిపోయిన చిన్న ఇంగ్లీషు–నార్వేజియన్ నిఘంటువు ఒకటి ఉంది. నార్వే ఐరోపా ఖండానికి ఉత్తరపు కొసన ఉన్న దేశం. రాజధాని ఓస్లో, జనాభా 55 లక్షలు దాటింది. ఆ భాషతో మనకు పనేముందని ఆ పుస్తకాన్ని పక్కన పెట్టబోయి, సరదాకు మనకు బాగా తెలిసిన మాట ఒకటి వెతుకుదామని 'నో' దగ్గర ఆగాం. దాని ఎదురుగా ఒక అర్థం కాదు, మూడు ఉన్నాయి. వీటె, శెన్నె, కున్నె. మూడూ వేరు వేరు క్రియలు. ఒకటి వాడాల్సిన చోట ఇంకొకటి వాడితే తప్పు.

ఉచ్చారణ గురించి ఒక మాట. ఈ వ్యాసంలో నార్వేజియన్ మాటలను తెలుగు లిపికి వీలైనంత దగ్గరగా రాశాం. శెన్నెను వాళ్ళు కె, జె అక్షరాలతో మొదలుపెట్టి రాస్తారు, కానీ పలికేటప్పుడు మన 'శ'కు దగ్గరగా పలుకుతారు. వాళ్ళ భాషకు వాళ్ళు పెట్టుకున్న పేరు నొష్క్. ఇంకో సంగతి మీకు నచ్చుతుంది. ఇంగ్లీషులో కత్తికి, మోకాలికి ముందు ఉండే కె మనల్ని ఎంత ఏడిపించిందో అందరికీ అనుభవమే. నార్వే వాళ్ళు ఆ రెండింటినీ క్నీవ్ అని, క్నే అని కె వినిపించేలా హాయిగా పలుకుతారు. ఇంగ్లీషు వాళ్ళు కూడా ఒకప్పుడు అలాగే పలికేవాళ్ళు. తరవాత పలకడం మానేశారు, రాయడం మాత్రం మానలేదు. డిక్టేషన్‌లో పోయిన మన మార్కులన్నీ ఆ బద్ధకం పుణ్యమే.

ఇక అసలు పాఠం.

వీటె అంటే ఒక విషయం, ఒక నిజం తెలిసి ఉండటం. 'నాకు' అనే చోట వాళ్ళు యై అంటారు, అంటే నేను. యై వేట్ స్వారె అంటే జవాబు నాకు తెలుసు. బస్సు ఎన్ని గంటలకు, ఫీజు ఎంత, పరీక్ష ఎప్పుడు, వార్డెన్ గారు ఎక్కడ ఉన్నారు, ఇలాంటివన్నీ వీటె కిందకు వస్తాయి. ఒక్క వాక్యంలో చెప్పగలిగిన సంగతి ఏదైనా సరే.

శెన్నె అంటే ఒక మనిషితోనో, ఒక ఊరితోనో, ఒక వస్తువుతోనో పరిచయం ఉండటం. యై శెన్నెర్ హామ్ అంటే అతన్ని ఎరుగుదును. ఇక్కడ వీటె వాడకూడదు. ఈ తేడా బాగా తెలియాలంటే ఈ వాక్యం చూడండి: యై వేట్ వెమ్ హాన్ ఏర్, మెన్ యై శెన్నెర్ హామ్ ఇక్కె. అతను ఎవరో తెలుసు గాని, అతనితో నాకు పరిచయం లేదు. హాస్టల్లో చేరిన మొదటి రోజు గుర్తు తెచ్చుకోండి. పక్క ట్రంకుపెట్టె ఎవరిదో, అతనిది ఏ ఊరో, ఏ తరగతో సాయంత్రానికి తెలిసిపోతుంది. అది వీటె. అతనికి రాత్రి ఇంటి బెంగ ఎప్పుడు కమ్ముతుందో, ఏ కూర చూస్తే ముఖం ముడుచుకుంటాడో తెలియడానికి నెలలు పడుతుంది. అది శెన్నె. మొదటిది జరిగినప్పుడు నార్వే వాళ్ళు ఫో వీటె అంటారు, తెలుసుకోవడం. రెండోది జరిగినప్పుడు బ్లీ శెంట్ అంటారు, పరిచయం కావడం. ఇంగ్లీషులో రెండు చోట్లా ఆ ఒక్క నోనే.

మూడోది మనకు చుట్టం లాంటిది. కున్నె, నేను అనే మాటతో వాడితే కాన్. యై కాన్ నొష్క్. ఈ వాక్యాన్ని ఇంగ్లీషులోకి మార్చాలంటే నో వాడాలి, లేకపోతే 'మాట్లాడగలను' అని పొడిగించాలి. తెలుగులోకి మార్చడానికి క్షణం పట్టదు: నాకు నార్వేజియన్ వచ్చు. మన 'వచ్చు' ఎక్కడెక్కడ వస్తుందో వాళ్ళ కాన్ చాలావరకు అక్కడక్కడే వస్తుంది. ఈత వచ్చు, యై కాన్ స్వొమ్మె. వంట వచ్చు, సైకిలు వచ్చు, పాఠం వచ్చు, అన్నిటికీ కాన్. ఎక్కాలు వచ్చా అని అడగాలంటే కాన్ డూ గాంగెటాబెల్లెన్ అంటారు. గాంగెటాబెల్లెన్ అంటే ఎక్కాల పట్టీ. అంత దూరంలో, మంచు కురిసే దేశంలో కూడా పిల్లల్ని నిలబెట్టి ఎక్కాలు అప్పజెప్పమంటారన్న మాట. ఇది చదివి మేము కాసేపు నవ్వుకున్నాం.

మూడు మాటలకూ తేడా చూడాలంటే ఒక పాటను తీసుకుందాం. ఆ పాట పేరు, రాసినవారి పేరు చెప్పగలిగితే వీటె. రేడియోలో వినిపించగానే 'ఆ, ఇది విన్న పాటే' అనిపిస్తే శెన్నె. మొదటి చరణం నుంచి చివరి చరణం వరకు పాడగలిగితే కున్నె. శెన్నెర్ డూ సాంగెన్, కాన్ డూ సాంగెన్ అనే రెండు ప్రశ్నలూ పాట గురించే, కానీ మొదటిదానికి తల ఊపితే చాలు, రెండోదానికి ఔనంటే లేచి పాడాలి. ఈత కూడా అంతే. చేతులు ఎలా వెయ్యాలో, కాళ్ళు ఎలా ఆడించాలో, ఊపిరి ఎప్పుడు తీసుకోవాలో పుస్తకంలో చదివి తెలుసుకోవచ్చు. అదంతా వీటె. బావిలో దూకాక పనికొచ్చేది కున్నె ఒక్కటే.

ఇక్కడ మాలో ఒకరికి జరిగిన సంగతి చెప్పాలి. అతను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు క్లాసులో తన గురించి ఐదు వాక్యాలు ఇంగ్లీషులో రాయమన్నారు. నాలుగో వాక్యంగా 'ఇంగ్లీష్ ఈజ్ నాట్ కమింగ్ టు మీ' అని రాశాడు. నాకు ఇంగ్లీషు రావడం లేదు అని చెప్పడం అతని ఉద్దేశం. ఆ వాక్యాన్ని క్లాసులో పైకి చదివి వినిపించారు. అందరూ నవ్వారు. 'వీడికేమీ తెలియదు' అని ఒక మాట కూడా అన్నారు. ఆ తరవాత రెండేళ్ళు అతను ఇంగ్లీషు పీరియడ్‌లో నోరు విప్పలేదు. తెలిసిన జవాబు కూడా చెప్పలేదు.

సరిగ్గా ఇలాంటి తప్పే నార్వే పిల్లలు కూడా చేస్తారని మాకు ఈ మధ్యే తెలిసింది. అక్కడ 1997 నుంచి ఒకటో తరగతిలోనే ఇంగ్లీషు మొదలుపెడతారు. అయినా కొత్తగా నేర్చుకునేవాళ్ళు 'ఐ క్యాన్ ఇంగ్లీష్' అంటారు. యై కాన్ ఎంగెల్స్క్ అనే తమ వాక్యాన్ని మాట తరవాత మాటగా మార్చేస్తారు. మనవాడు వచ్చును కమింగ్ చేశాడు, వాళ్ళు కాన్‌ను క్యాన్ చేశారు. తప్పు తప్పే, దిద్దుకోవలసిందే. కానీ అది ఏమీ తెలియనివాడు చేసే తప్పు కాదు. తన భాష క్షుణ్ణంగా వచ్చినవాడు చేసే తప్పు. తన భాషలో ఈ రెండూ వేరు వేరు అర్థాలని అతని మనసుకు తెలుసు కాబట్టే, 'తెలుసు' అనే అర్థం రాసుకున్న నోను అక్కడ పెట్టడానికి చెయ్యి రాలేదు.

'ఇంగ్లీషు రాదు' అన్న మాటకు, 'ఏమీ తెలియదు' అన్న మాటకు మధ్య ఎంత దూరం ఉందో చూడండి. రాదు అన్నది కున్నె సంగతి. తెలియదు అన్నది వీటె సంగతి. ఏ నెలలో ఏ పంట వెయ్యాలో, మేక ఈనేటప్పుడు ఏం చెయ్యాలో, రైలు బోగీలో జనరల్ టికెట్‌తో ఎక్కడ నిలబడితే చోటు దొరుకుతుందో తెలిసిన పిల్లవాడికి ఇంగ్లీషు రాకపోవచ్చు. రెండింటినీ ఒకే మాటలో కలిపేసే అలవాటు ఇంగ్లీషుది. మన భాషది కాదు. క్లాసులో మాత్రం ఆ కలిపేసిన లెక్కతోనే మనల్ని కొలుస్తారు, మనమూ అలాగే కొలుచుకుంటాం. మాకు ఇది తప్పుడు తూకంగా కనిపిస్తోంది.

నిజానికి ఇంగ్లీషుకు కూడా మొదట్లో ఈ పేదరికం లేదు. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో విటన్, కున్నన్, క్నావన్ అని ఇలాంటి క్రియలు మూడు వేరు వేరుగా ఉండేవి. క్నావన్ క్రమంగా పెరిగి నో అయింది. మిగతా రెండింటి పనులు కూడా తానే లాక్కుంది. కున్నన్ 'చెయ్యగలను' అనే అర్థంతో క్యాన్‌గా మిగిలింది. విటన్ జాడ విట్నెస్ లాంటి మాటల్లో ఉంది. సాక్షి అంటే సంగతి తెలిసినవాడు కదా. నార్వేలో సాక్షిని విట్‌నె అంటారు. స్కాట్లాండ్ పల్లెల్లో నోకు బదులు కెన్ అనడం ఇప్పటికీ వినిపిస్తుంది. అది మన శెన్నెకు అక్కచెల్లెలే.

ఈ వీటె వేళ్ళు మనం ఊహించనంత దగ్గరగా ఉన్నాయి. సంస్కృతంలో 'విద్' అంటే తెలియడం. వేదం, విద్య, విద్వాంసుడు, విద్యార్థి అన్నీ దాని నుంచి వచ్చినవే. ఆ విద్, ఈ వీటె ఒకే తల్లి బిడ్డలు. 'నాకు తెలుసు' అనడానికి సంస్కృతంలో 'వేద' అంటారు, నార్వే వాళ్ళు వేట్ అంటారు. అదే కుటుంబంలోని లాటిన్ భాషలో ఆ ధాతువుకు చూడటం అనే అర్థం నిలిచింది, దాని నుంచి వీడియో వచ్చింది. అంటే సెల్‌ఫోన్‌లో వీడియో, గోడ మీద రాసిన విద్య, ఓస్లో పిల్లవాడి వేట్, ముగ్గురూ బంధువులే. అలాగే శెన్నె, కున్నె, నో మూడూ మన 'జ్ఞానం'లోని 'జ్ఞా' ధాతువుకు చుట్టాలు. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ సంస్కృతానికీ గ్రీకు, లాటిన్ భాషలకూ మూలం ఒకటే అయి ఉంటుందని చెప్పిన తరవాత ఇలాంటి చుట్టరికాలు వెతకడం పెరిగింది.

అయితే తెలుగు ఆ కుటుంబంలోది కాదు. విద్య, జ్ఞానం మనం అరువు తెచ్చుకున్న మాటలు. తెలుసు, ఎరుగు, వచ్చు మాత్రం మన సొంతం. తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబమని, అవి సంస్కృతం నుంచి పుట్టలేదని 1816లో మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ చూపించాడు. తరవాత భారతదేశ భాషల సర్వే జరిగినప్పుడు ముండా, ద్రావిడ భాషల సంపుటాన్ని తయారుచేసినది స్టెన్ కోనో. ఆ సంపుటం 1906లో వచ్చింది. అందులో తెలుగు కూడా ఉంది. ఆ కోనో నార్వే దేశస్థుడు. మనం ఇవాళ వాళ్ళ మాటలు చూస్తున్నాం, ఆయన నూరేళ్ళకు ముందే మన మాటలు చూశాడు.

చుట్టరికం లేని రెండు భాషలు ఒక అర్థాన్ని ఇంచుమించు ఒకేలా మూడు ముక్కలు చెయ్యడం మమ్మల్ని ఆశ్చర్యపరిచింది. కానీ గీత గీసి వీటె – తెలుసు, శెన్నె – ఎరుగు, కున్నె – వచ్చు అని రాసుకుంటే మళ్ళీ పాత తప్పే చేసినట్టు. సరిహద్దులు అన్నిచోట్లా కలవవు.

మొదట ఎరుగు సంగతి. కోస్తాలో ఇప్పుడు పెద్దవాళ్ళ నోట తప్ప ఈ మాట పెద్దగా వినిపించదు. 'అతను నాకు తెలుసు' అనేస్తున్నాం. తెలంగాణ తమ్ముళ్ళు 'నాకు ఎర్కే' అని మనిషికీ అంటారు, సంగతికీ అంటారు. అంటే ఒక చోట తెలుసు ఎరుగును మింగింది, ఇంకో చోట ఎరుక తెలుసును మింగింది. నార్వేజియన్‌లో ఈ గీత ఇంకా గట్టిగానే ఉంది. మాండలికాల తేడాలు వాళ్ళకూ ఉన్నాయి. రాతలోనే రెండు రూపాలు, బూక్‌మోల్ అని, నీనొష్క్ అని. ఒకదానిలో యై వేట్ అని రాస్తే రెండోదానిలో ఏగ్ వెయిట్ అని రాస్తారు. 1885లో వాళ్ళ పార్లమెంటు రెండింటికీ సమాన హోదా ఇచ్చింది. ఎవరి యాసను చూసీ ఎవరూ నవ్వకూడదని మన హాస్టల్లో తీర్మానం చేసుకోవడానికి మనకు పార్లమెంటు అక్కర్లేదు.

రెండోది, ఒంటికి తెలిసే సంగతులు. జ్వరం వచ్చినప్పుడు నోటికి రుచి తెలియదు. మత్తు ఇస్తే నొప్పి తెలియదు. ఇక్కడ మనం తెలుసు వాడాం కదా అని నార్వేజియన్‌లో వీటె పెడితే అర్థమే మారిపోతుంది. రుచి, వాసన, నొప్పి, చలి, అన్నీ శెన్నె. నాలుకకు రుచితో పరిచయం ఉంటుందని వాళ్ళ భాష అనుకుంటుంది కాబోలు. చూసిన మనిషిని మళ్ళీ గుర్తుపట్టడాన్ని కూడా శెన్నె ఇయెన్ అంటారు. ఇయెన్ అంటే మళ్ళీ.

మూడోది వ్యాకరణం. మనం 'నాకు' తెలుసు, 'నాకు' వచ్చు అంటాం. చదువు ఎక్కడి నుంచో నడిచి మన దగ్గరకు వచ్చినట్టు. ఎరుగు దగ్గర మాత్రం 'నేను' ఎరుగుదును. నార్వేజియన్‌లో మూడింటికీ యై, నేను. ఇంగ్లీషులోనూ అంతే. మనవాడి కమింగ్ టు మీ పుట్టింది ఈ 'నాకు' నుంచే. ఇంకో విచిత్రం. వేట్, కాన్ రెండూ చాలా పూర్వం జరిగిపోయిన కాలపు రూపాలు. చూశాను కాబట్టి తెలుసు, నేర్చుకున్నాను కాబట్టి వచ్చు. అందుకే మిగతా క్రియల్లా వర్తమానంలో వాటికి చివర 'ర్' రాదు. మనమూ పాఠం పూర్తయ్యాక 'వచ్చేసింది' అనే అంటాం కదా.

కున్నె నుంచి వాళ్ళు తయారుచేసుకున్న మాటల్లో ఒకటి కున్‌స్కాప్, అంటే జ్ఞానం. వాళ్ళ విద్యాశాఖ పేరులో ఉన్నది ఆ మాటే. ఆ కుదురులోదే ఇంకొకటి కున్స్ట్, అంటే కళ. వచ్చిన పనే కళ. చెప్పు కుట్టడం వచ్చినవాడిని, డప్పు వాయించడం వచ్చినవాడిని 'చదువు రానివాడు' అని మాత్రమే రాసే కాగితాలు మన ఊళ్ళలో ఎన్నో చూశాం.

ఇక అభ్యాసం. ఈ వాక్యాల్లో నార్వే వాళ్ళు ఏ క్రియ వాడతారో కింద చూడకుండా చెప్పండి. బస్సు ఎన్నింటికో తెలుసా? మా నాన్నకు ఊళ్ళో అందరూ తెలుసు. అక్కకు కుట్టుపని వచ్చు. పొగ వాసన తెలుస్తోందా? మీసాలు పెంచాడు కదా, మామయ్యను గుర్తుపట్టలేదు. నాకు పదమూడో ఎక్కం వచ్చు గాని, పదమూడు ఏళ్ళు ఎంతో తెలియదు.

జవాబులు: మొదటిది వీటె. రెండోది, మనం తెలుసు అన్నా సరే, శెన్నె. మూడోది కున్నె. నాలుగోది వాసన కాబట్టి శెన్నె. ఐదోది శెన్నె ఇయెన్. ఆరోదానిలో ముందు కున్నె, తరవాత వీటె. వ్యాకరణం ప్రకారం ఆ వాక్యంలో తప్పేమీ లేదు. కాకపోతే ఆ తమ్ముడికి ఎక్కం వచ్చన్నది అబద్ధం. తొంభై ఒకటి.